చిన్నమ్మ అయోడిన్ ఉపవాసం

మా కోలారు సీమలో ఎవరికైనా దగ్గు పట్టుకొని నెల దాటితే ఇరుగుపొరుగువారు అడిగే మొదటి మాట వొకటే: "గనిలో దిగినాడా?" దిగినాడంటే రెండో ప్రశ్న వుండదు. రాయి తొలిచేటప్పుడు లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి వాటిని గట్టిపరుస్తుందని మావాళ్ళకు ఏ డాక్టరూ వచ్చి చెప్పనక్కరలేదు. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు రంగంలో దిగినది మొదలు 2001 ఫిబ్రవరిలో గనులు మూతబడేవరకు ఆ జబ్బు మా జిల్లాలో పిలవని చుట్టంలాగా మసలుతూనే వున్నది. మా చిన్నాయన దానితోనే పోయినాడు.

కాబట్టి 2018లో చిన్నమ్మకు పొడిదగ్గు పట్టుకొన్నప్పుడు వూళ్ళోవాళ్ళకు ఏమనాలో తోచలేదు. ఆవిడ గని మొహం చూచిన మనిషి కాదు. కాపురానికి వచ్చిన నాటినుంచి కురుడుమలె దాటి ఆవిడ పోయినదల్లా ముళబాగిలు సంతకు, ఏడాదికొకసారి తిరుపతికి. పొలం, రెండు ఆవులు, పట్టుపురుగుల తట్టలు, ఇదే ఆవిడ లోకం.

కురుడుమలె ముళబాగిలుకు పది కిలోమీటర్ల దూరాన వున్న చిన్న పల్లె. అక్కడి వినాయకుణ్ణి చూడనివారు మన సంఘంలో తక్కువే అయివుంటారు. వొకే రాతిలో మలిచిన విగ్రహం, పదమూడు అడుగుల పైచిలుకు ఎత్తు. త్రిపురాసురుణ్ణి చంపబోయే ముందు త్రిమూర్తులు కలిసి ఆయనను ప్రతిష్ఠించారని స్థలపురాణం. దేవతలు కూడిన చోటు గనుక కూడుమలె అయి, అదే నోళ్ళలో నలిగి కురుడుమలె అయిందంటారు. ఇల్లు కట్టబోయేవాళ్ళు, పెళ్ళి తలపెట్టినవాళ్ళు, ఎన్నికలకు నిలబడేవాళ్ళు కూడా ముందు ఇక్కడ కొబ్బరికాయ కొట్టి పోతారు. చిన్నమ్మ ఇల్లు ఆ గుడికి రెండు వీధుల అవతల.

ఆవిడ మెడమీద వొక గడ్డ వుండేది. ఉసిరికాయంత. పదేళ్ళుగా వున్నది, నొప్పి లేదు, దాన్ని కొంగుతో కప్పుకొని తన పని తాను చేసికొనేది. దగ్గుకు ఫోటో తీయించితే రొమ్మంతా ఆవాలు చల్లినట్టు మచ్చలు కనిపించాయి. ఆ ఫోటో చూచిన డాక్టరు (ఆయన పేరు, వూరు ఇక్కడ అనవసరం) చిన్నమ్మ కొడుకును పక్కకు పిలిచి, "క్యాన్సరు ఊపిరితిత్తులంతా పాకింది. తీసికొనిపోయి ఆమెకు ఇష్టమైంది పెట్టండి" అన్నాడు.

ఆ రాత్రి అరుగుమీద పెద్దలు కూడారు. రాచపుండు అనే మాటను ఎవరూ బయటికి అనలేదు, "ఆ జబ్బు" అనే అన్నారు. వున్న రెండెకరాల మల్బరీ తోట అమ్మి బెంగుళూరులో ధారపోసి, చివరకు ఏం తెచ్చుకొంటామని వొక పెద్దాయన అడిగాడు. ఆయన మాటలో చెడు లేదు. చిన్నాయన విషయంలో ఆయన అంతా చూచినవాడు. లోపలినుంచి చిన్నమ్మే వచ్చి, "ఆయన జబ్బు పేరైనా తెలిసి పోయినాడు. నాది ఏమిటో తెలుసుకోకుండా నేను మంచం ఎక్కను, పొద్దున్నే బస్సుకు పోదాం పా నాయనా" అని కొడుకుతో అన్నది. తెల్లవారి గుడి తలుపులు తెరవగానే దణ్ణం పెట్టుకొని బయలుదేరింది. నేను బెంగుళూరులో బస్‌స్టాండు దగ్గర కలిశాను.

అక్కడి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ రొమ్ము ఫోటో పక్కన పెట్టి ముందు మెడ తడిమింది. సన్నని సూదితో గడ్డలోంచి రవంత తీసి పరీక్షకు పంపింది. నాలుగు రోజులకు వచ్చిన జవాబు విని నేను కుర్చీలో సర్దుకొని కూచున్నాను. "ఇది ఊపిరితిత్తుల క్యాన్సరు కాదమ్మా. గొంతులోని థైరాయిడ్ గ్రంథిది. ఊపిరితిత్తుల్లో వచ్చి కాపురం పెట్టింది, అంతే."

అంతే అన్న ఆ మాటలో ఎంత వున్నదో తర్వాత తెలిసింది. వొంట్లోని సిరల రక్తమంతా, నిమిషానికి సుమారు అయిదు లీటర్లు, గుండె కుడిభాగంలోంచి ఊపిరితిత్తులకు పోయి అక్కడి వెంట్రుకకన్న సన్నని నాళాల్లోంచి వడగట్టినట్టు దాటుతుంది. ఎక్కడో గడ్డనుంచి తెగి రక్తంలో పడిన కణానికి చాలాసార్లు ఆ జల్లెడే మొదటి మజిలీ. రొమ్ము, పేగు, ఎముక, గొంతు, ఎక్కడ పుట్టిన క్యాన్సరైనా ఊపిరితిత్తుల్లో తేలడానికి ఇదొక కారణం. కాని అక్కడికి చేరినంత మాత్రాన కణం తన గోత్రం మార్చుకోదు. మెట్టినింట్లో అడుగుపెట్టి ఏళ్ళు గడిచినా పుట్టింటి వంటే వండే కోడలిలాగా, థైరాయిడ్ కణం ఎక్కడ వున్నా అయోడిన్ తాగే అలవాటు చాలాకాలం వదులుకోదు. వొంట్లో అయోడిన్ కోసం అంతగా వాచిపోయే కణం మరొకటి లేదు.

వైద్యమంతా ఈ అలవాటుమీద ఆధారపడింది. మామూలు క్యాన్సరు మందు ఏరు పొంగి పొలమంతా పారినట్టు పారుతుంది. కలుపూ మునుగుతుంది, పైరూ మునుగుతుంది. జుట్టు రాలడం, నోరు పూయడం అందువల్లే. రేడియో అయోడిన్ అట్లా కాదు. అదీ రక్తంతోపాటు అంతటా తిరుగుతుంది గాని, దాన్ని లోపలికి పిలిచి కూచోబెట్టుకొనేది ముఖ్యంగా థైరాయిడ్ కణమే. కూచున్న తర్వాత అది విసిరే కిరణం వొకటి రెండు మిల్లీమీటర్లకన్న దూరం పోదు. పిలిచినవాడి ఇల్లే కాలుతుంది, పక్కిల్లు చాలావరకు మిగులుతుంది. ఎనిమిది రోజులకు దాని శక్తి సగమవుతుంది, మరి ఎనిమిదికి అందులో సగం.

ఈ ఆలోచన పుట్టిన తీరు ముచ్చటైనది. 1936లో అమెరికాలోని బోస్టనులో వొక భౌతికశాస్త్రజ్ఞుడు ఉపన్యాసం ఇస్తూవుంటే, సాల్ హెర్ట్జ్ అనే డాక్టరు లేచి, అయోడిన్‌ను రేడియో ధార్మికంగా చేయడానికి వీలవుతుందా అని అడిగాడు. 1938లో లివింగుడ్, సీబోర్గ్ అనేవారు నేడు వాడే అయోడిన్-131ను కనిపెట్టారు. 1941లో హెర్ట్జ్ రేడియో అయోడిన్‌ను థైరాయిడ్ అతిగా పనిచేసే వొక రోగికి ఇచ్చాడు. న్యూయార్కులో సీడ్లిన్ అనే డాక్టరు దగ్గరికి వొక వింత రోగి వచ్చాడు: ఎన్నో ఏళ్ళ క్రితమే థైరాయిడ్ గ్రంథి తీసేశారు, అయినా గ్రంథి అతిగా పనిచేసే లక్షణాలు కనిపిస్తున్నాయి. పుట్టిల్లు కూలిపోయినా, వొంట్లో అక్కడక్కడ పాకిన క్యాన్సరు కణాలే గ్రంథి పని చేస్తున్నాయన్నమాట. ఆయనకు రేడియో అయోడిన్ ఇచ్చి ఫలితాన్ని 1946లో ప్రకటించారు. ఈనాడు "గురి చూచి కొట్టే మందులు" అని పత్రికల్లో పెద్ద అక్షరాలు వేస్తున్నారు గదా, వాటి పెద్దన్న ఇదే.

గురి చూచి కొట్టడమనే మాట నాకు అంతగా రుచించదు. జర్మనీ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ నూరేళ్ళ కిందట దీన్ని మాయతూటా అన్నాడు, అప్పటినుంచి అందరూ తూటాలూ బాణాలూ అంటూనే వున్నారు. మందుకు కళ్ళు లేవు. అది దేన్నీ వెతుక్కుంటూ పోదు. కణమే ఆకలేసి దాన్ని లోపలికి లాక్కొంటుంది. ఈ తేడా మాటల్లోది కాదు. దీన్నిబట్టే చిన్నమ్మ చేత రెండు వారాలు ఉపవాసం చేయించారు.

ముందు మెడకు ఆపరేషను చేసి గ్రంథి మొత్తం తీసేశారు. అర ఎకరం తోట అప్పుడే అమ్ముడుపోయింది. ఆ తర్వాత కణాలకు ఆకలి పుట్టించాలి. వొకటి, అయోడిన్ లేని తిండి. రెండు, థైరాయిడ్ మాత్ర నాలుగు వారాలు ఆపివేయడం. మాత్ర ఆపితే మెదడు కిందనున్న వొక చిన్న గ్రంథి, థైరాయిడ్ ఏమైందని కేకలు వేస్తూ రక్తంలోకి హార్మోను పంపుతుంది. ఆ కేక విని ఊపిరితిత్తుల్లో దాగినవి కూడా అయోడిన్ కోసం నోళ్ళు తెరుస్తాయి. రోగికి మాత్రం ఆ నాలుగు వారాలు నరకం. చిన్నమ్మ మే నెల ఎండలో దుప్పటి కప్పుకొని కూచునేది. గొంతు బొంగురుపోయింది, మాట సగంలో నిద్ర తూగేది. ఖరీదైన సూది వొకటి వుంది, అది వేయించుకొంటే మాత్ర ఆపనక్కరలేదు. మాకు అది అందలేదు.

ఇక తిండి. పాలు, పట్టు, బంగారం అని కోలారుకు మూడు పేర్లు. పట్టు కొంచెం, బంగారం బొత్తిగా పోగా మిగిలింది పాలే. డాక్టరమ్మ మొదట కొట్టేసింది పాలను. పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి వద్దు, గుడ్డు వద్దు, సముద్రపు చేప మావాళ్ళు ఎటూ తినరు, అయోడిన్ ఉప్పు అసలే వద్దు. రెండావులు పెట్టుకొని మజ్జిగచుక్క లేకుండా సంగటి మింగమంటే ఆవిడకు కోపం వచ్చింది. "ఏకాదశికి కూడా పాలు వద్దనలేదప్పా దేవుడు" అన్నది. ఉప్పుకోసం కొడుకు ముళబాగిలు అంగళ్ళన్నీ తిరిగాడు. ప్రతి కొట్టువాడూ సంచి మీద అచ్చువేసిన మాట చూపించి, "మాది అయోడిన్ ఉప్పే, సందేహం పెట్టుకోవద్దండీ" అని ధైర్యం చెప్పి పంపాడు. 1962 నుంచి ప్రభుత్వంవారు గొంతువాపు పోగొట్టాలని అయోడిన్ ఉప్పును వూరూరా నేర్పితే, ఆ పాఠం ఇంత బాగా వంటబట్టింది! చివరకు ఆసుపత్రివారే అయోడిన్ కలపని ఉప్పు వొక పొట్లం ఇచ్చారు.

మందు సీసపు డబ్బాలో వచ్చింది. డబ్బా అంత బరువు, లోపల వున్నది మామూలు గొట్టం మాత్ర వొకటి. మంచినీళ్ళతో మింగింది. ఆపైన మూడు రోజులు తలుపుకు సీసం తాపడం చేసిన గదిలో వొంటరిగా వుండాలి. తిండి పళ్ళెం గుమ్మంలో పెట్టి పోతారు. నీళ్ళు బాగా తాగాలి, మరుగుదొడ్డిలో ప్రతిసారీ రెండు మూడు తూర్లు నీళ్ళు వదలాలి. ఆ నీరు కూడా తిన్నగా కాలువలో కలవదు, తొట్లలో నిలవబెట్టి దాని వేడి తగ్గినాకే వదులుతారట. లాలాజల గ్రంథులు కూడా కొంచెం అయోడిన్ తాగుతాయి గనుక నోరు ఎండిపోకుండా పుల్లని బిళ్ళలు చప్పరించమన్నారు. ఈ మందు కూడా అంత నిక్కచ్చి మనిషి కాదని అక్కడ తెలిసింది.

ఇంటికి వచ్చాక మరి కొన్నాళ్ళు చిన్నపిల్లల దగ్గరికి, గర్భిణుల దగ్గరికి పోకూడదు. మనవరాలికి అప్పుడు నాలుగేళ్ళు, రాత్రి అవ్వ పక్కన తప్ప పడుకోదు. అవ్వ వొంట్లో దీపం వుంది, ఆరేదాకా దగ్గరికి పోకూడదని తల్లి చెప్పింది. ఆ పిల్ల రోజూ చీకటి పడగానే గడపకు ఇవతల నిలబడి, దీపం కనబడుతుందేమోనని తొంగిచూచేది. ఏమీ కనబడక, "అవ్వా, ఆరిపోయింది, రానా?" అని అడిగేది. చిన్నమ్మ గోడవైపు తిరిగి పడుకొనేది. ఆపరేషనులో, వొంటరి గదిలో ఏడవని మనిషి అప్పుడు ఏడ్చిందని కోడలు చెప్పింది. (2020లో వూరంతా ఎవరి గదిలో వాళ్ళు కూచున్నప్పుడు, "నేను ముందే పరీక్ష రాసి వచ్చినాను" అని నవ్వింది.)

మందు మింగిన వారంలో వొంటికంతా స్కానింగు తీశారు. ఆ అయోడినే విడిచే మరో రకం కిరణం వొంటి బయటికి వచ్చి, తాను ఎక్కడ కూచున్నదో చెబుతుంది. బొమ్మలో మనిషి ఆకారం చీకటిగా, రెండు ఊపిరితిత్తులూ నల్లగా నిండుగా కనిపించాయి. కొడుకు మొహం వాడిపోయింది. డాక్టరమ్మ మాత్రం ఆ బొమ్మను చూచి నవ్వింది. "ఇంత నిండుగా కనబడిందంటే మందు అంతా అక్కడికే పోయిందని అర్థం. ఏమీ కనబడకపోతే నేను భయపడేదాన్ని" అన్నది. నేను ఇంతకాలం విన్న వైద్యపు మాటల్లో ఇంత తలకిందులైన శుభవార్త మరొకటి లేదు. గడ్డలు పెద్దవి కాక, ఆవగింజల్లాగా సన్నగా వుండి అయోడిన్ తాగేవే ఎక్కువగా లొంగుతాయట.

అయితే ఎక్కువ మందు పోసి వొక్కసారే కడిగేయకూడదా అని అడిగాను. కూడదు. ఊపిరితిత్తుల నిండా అయోడిన్ కూచుంటే పక్కన వున్న మంచి కండ కూడా కాలి మచ్చకట్టి గట్టిపడుతుంది. అందుకే కొలిచి, నెలలు ఆగి, మళ్ళీ ఇస్తారు. గట్టిపడడమనే మాట వినగానే చిన్నమ్మ నావైపు చూచింది. చిన్నాయన ఊపిరితిత్తులు గట్టిపడిన తీరు మేమిద్దరం చూచినదే. అయిదు మైక్రానులకన్న సన్నని రాతిధూళి చిట్టచివరి గాలిగదిదాకా పోయి అక్కడే వుండిపోతుంది. నేడు ఊపిరితో పీల్చే మందులు తయారుచేసేవారు కూడా రేణువును వొకటినుంచి అయిదు మైక్రానుల లోపలే వుంచుతారు. ఎముక క్యాన్సరు ఊపిరితిత్తులకు పాకినవారికి కొవ్వుగుళికల్లో పెట్టిన మందును అట్లా పీల్పించి పరీక్షలు కూడా చేశారు. ఊపిరితిత్తులదాకా చేరడం దుమ్ముకు కూడా చేతనైన పనే. అందులో చెడ్డ కణాన్ని వేరుచేయడమే కష్టం.

ఈ సందర్భంలో మనవాణ్ణి వొకణ్ణి తలచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టి 1923లో అమెరికాకు పోయిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసే విధానం తేల్చిన బృందానికి పెద్ద. కణం పెరగడానికి ఆ విటమిను కావాలి. దాన్ని పోలిన వేషధారి పదార్థాన్ని ఆయన బృందం తయారుచేస్తే, బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు వచ్చిన 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించాడు. ఆ ఏడే సుబ్బారావుగారు పోయారు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో వుంది. కొన్ని క్యాన్సరు కణాలు ఫోలిక్ ఆమ్లం కోసం గోడకు అదనపు వాకిళ్ళు పెట్టుకొంటాయని తర్వాత తెలిసింది. ఆ వాకిలిని పట్టుకొని లోపలికి పోయే మందుకు 2022లో అమెరికాలో, అండాశయ క్యాన్సరుకు, అనుమతి వచ్చింది. అదే ఏడు డిసెంబరులో, ఫోలిక్ ఆమ్లం వేషం వేసి ఊపిరితిత్తుల గడ్డల్లో చేరి, ఆపరేషను చేసేవారికి వెలుగు చూపే రంగుకు కూడా అనుమతి ఇచ్చారు. బంగారు సీమవాళ్ళం గనుక ఇంకో ముక్క: బంగారపు అతిసన్నని రేణువులకు మందు తగిలించి క్యాన్సరు రోగులకు ఎక్కించిన తొలి పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. అది మామూలు వైద్యంగా ఇంకా మారలేదు. మా నేలలో అంత లోతున తవ్వి తీసినదాన్ని మావాళ్ళు మెడలో వేసుకొన్నారేగాని రక్తంలో వేసుకోలేదు.

చిన్నమ్మకు మూడుసార్లు అయోడిన్ ఇచ్చారు. గ్రంథి తీసేసినాక రక్తంలో వుండకూడని థైరోగ్లోబులిన్ అనే పదార్థం ప్రతిసారీ తగ్గుతూ వచ్చింది. మూడోసారి బొమ్మలో ఆవాలు దాదాపు లేవు. కాని మామూలు స్కానింగులో కుడివైపు అడుగున రెండు గడ్డలు వున్నాయి, శనగగింజంత. అయోడిన్ బొమ్మలో అవి కనబడలేదు. అవి తాగడం మానేశాయి. పుట్టింటి అలవాటు వదిలేసినవి, కాబట్టి మందు వాటి ముందునుంచే పోతున్నా పిలవడం లేదు. అవి పెరగనంతవరకు చూస్తూ వుండవచ్చునని, పెరిగితే రోజూ మింగే వేరే మాత్రలు వున్నాయని, వాటి బాధలు వాటికి వున్నాయని డాక్టరమ్మ చెప్పింది.

చిన్నమ్మ అంతా విని, "వాటికి ఆకలి చచ్చిపోయిందంటావు. ఆకలి పుట్టించే మందు లేదా తల్లీ?" అని అడిగింది.

డాక్టరమ్మ కాగితం మీద రాస్తున్నది ఆపి ఆవిడవైపు చూచింది. వున్నది. 2013లో న్యూయార్కు వైద్యులు అయోడిన్ తాగడం మానేసిన 20 మంది రోగులకు సెలుమెటినిబ్ అనే మందు కొన్ని వారాలు ఇచ్చి చూస్తే, 12 మందిలో కణాలు మళ్ళీ ఎక్కువగా తాగసాగాయి. వారిలో 8 మందికి అయోడిన్ వైద్యం మళ్ళీ ఇవ్వదగినంతగా. అందరికీ పనిచేయదు, కణంలో ఏ జన్యువు చెడిందో దాన్నిబట్టి వుంటుంది. ఆనాడు తీసిన గడ్డ ముక్క ఆసుపత్రిలో మైనంలో భద్రంగా వుంది గనుక దాన్ని పరీక్షకు పంపుదామన్నది. పంపారు.

ఆ చీటీ ఇంకా రాలేదు. చిన్నమ్మ పొద్దున ఆవులకు నీళ్ళు పెడుతున్నది, గుడిదాకా నడిచి వస్తున్నది, మెట్లెక్కితే కొంచెం ఆయాసం. మనవరాలు ఆవిడ పక్కనే పడుకొంటున్నది. మొన్న నేను పోయినప్పుడు కోడలు అటక దులుపుతూ మిగిలిన ఉప్పు పొట్లాన్ని కింద పడేయబోతే, "దాన్ని వుండనీయవే, మళ్ళీ కావాల్సి రావచ్చు" అని అరుగుమీదనుంచే కేకవేసింది.